ఊదా జ్వాలలో తూటాలు

చేత్తో పట్టుకునే చిన్న గొట్టం. వెనక నుంచి హీలియం వస్తుంది, ముందున్న రంధ్రంలోంచి చూపుడు వేలంత పొడవున ఊదారంగు జ్వాల సాగుతుంది. దానిలో వేలు పెట్టినా కాలదు. అమెరికాలోని ఓల్డ్ డొమినియన్ విశ్వవిద్యాలయంలో మౌనీర్ లారూసీ, షిన్‌పే లూ రూపొందించి 2005లో వెల్లడించిన ఈ పరికరం పేరు ప్లాస్మా పెన్సిల్.

మామూలు గాలిలో చల్లని ప్లాస్మా, అంటే వేడెక్కకుండానే కొంతవరకు ఎలక్ట్రాన్లు, అయాన్లుగా విడిపోయిన వాయువు, నిలబడడం అంత తేలిక కాదు. సెంటీమీటరు ఎడం దాటి విద్యుత్తు దూకాలంటే దాదాపు 30,000 ఓల్టులు కావాలి. ఒకసారి దూకిందా, దారి తెరుచుకుని కరెంటు వరదలా వస్తుంది. వెల్డింగు చేసేవాళ్ల దగ్గర మనం చూసే ఆర్క్ అదే. ఆ వరదకు 1857లోనే అడ్డుకట్ట వేసినవాడు జర్మనీకి చెందిన వెర్నర్ సీమెన్స్. ఓజోన్ తయారీకి ఆయన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య గాజు పెట్టాడు. గాజు మీద ఆవేశం పేరుకోగానే ఉత్సర్గం తనంతట తానే ఆరిపోతుంది. మళ్లీ వెలగాలంటే ఓల్టేజి దిశ మారాలి. అంటే ఈ యంత్రానికి పౌనఃపున్యం పుట్టుకతోనే వచ్చిన అవసరం.

అయినా ఆ ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టేవి ఎక్కువగా చెదురుమదురు మెరుపు తీగలే. 1988లో టోక్యోలోని సోఫియా విశ్వవిద్యాలయంలో సాచికో ఒకజాకి బృందం హీలియం, గాజు, కిలోహెర్ట్జ్ స్థాయి పౌనఃపున్యం కలిపి వాతావరణ పీడనంలోనే సమంగా పరుచుకునే వెలుగును సాధించింది. పదేళ్లకు లాస్ అలమోస్ ప్రయోగశాల పరిశోధకులు 13.56 మెగాహెర్ట్జ్ వాడి ప్లాస్మాను జెట్‌గా బయటికి ఊదారు. సెకనుకు రెండు కోట్ల 70 లక్షలకు పైగా సార్లు దిశ మారుతుంటే, బరువైన అయాన్లు కదిలేలోపే క్షేత్రం తిరగబడుతుంది; ఊగిసలాడేది ఎలక్ట్రాన్లే. అందుకే కొన్ని వందల ఓల్టులతోనే పని జరిగింది. కానీ శక్తి ఆగకుండా అందుతుండడంతో వాయువు వేడెక్కేది.

నా దృష్టిలో ఈ కథను మలుపు తిప్పింది కెమెరా. ప్లాస్మా పెన్సిల్ లాంటి కిలోహెర్ట్జ్ జెట్‌లను నానోసెకన్ల వ్యవధిలో ఫొటో తీస్తే జ్వాల మాయమైంది. కనిపించినవి ఒకదాని వెంట ఒకటి దూసుకుపోయే చిన్న వెలుగు ముద్దలు. ఎదురుగా చూస్తే గారెలా మధ్యలో చీకటి, చుట్టూ వలయం. వీటికి ప్లాస్మా తూటాలని పేరు పెట్టారు. నిజానికి అక్కడ పదార్థం ఎగిరిపోవడం లేదు. సీమటపాకాయల సరంలో కాయలు ఉన్నచోటే ఉంటాయి, పేలుడే పరిగెడుతుంది. ఇక్కడ పరిగెత్తేది అయనీకరణ తరంగం. హీలియం సెకనుకు పది మీటర్లు పోతుంటే, ఇది పదుల కిలోమీటర్లు పోతుంది.

లెక్క వేసి చూద్దాం. సెకనుకు 5,000 స్పందనలనుకుంటే రెండు తూటాల మధ్య 200 మైక్రోసెకన్ల విరామం. 5 సెంటీమీటర్ల దారిని తూటా ఒకటి రెండు మైక్రోసెకన్లలో దాటేస్తుంది. మనకు నిలకడగా కనిపించే ఆ జ్వాల చాలాభాగం చీకటే! ఆ విరామంలో హీలియం కదిలేది రెండు మిల్లీమీటర్లు. కాబట్టి ముందటి తూటా వదిలిన ఎలక్ట్రాన్లు, అయాన్లు దారిలో ఇంకా మిగిలే ఉంటాయి. తర్వాతి తూటా ఆ జాడనే పట్టుకుని పోతుంది. అదే సెకనుకు 10 స్పందనలైతే ఈలోపు వాయువు మీటరు దూరం వెళ్లిపోయి జాడంతా తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు ప్రతి తూటా తన దారి తాను వెతుక్కోవాలి. జెట్ నిలకడ తప్పేది అందుకే.

ఓల్టేజి పని వేరు. అది పెరిగితే తూటా తల దగ్గర క్షేత్రం బలపడుతుంది, వేగం పెరుగుతుంది, దూరం పెరుగుతుంది. అయితే హీలియంలోకి గాలి బాగా కలిసిపోయిన చోట తూటా ఆగిపోతుంది. ఆ హద్దు దగ్గర ఎంత ఓల్టేజి పెంచినా పెద్దగా లాభం ఉండదు. ఓల్టేజి, పౌనఃపున్యం రెండూ ఎడాపెడా పెంచితే చల్లదనమే పోతుంది.

జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ పరిశోధకుల కిన్‌పెన్ జెట్‌కు 2013లో వైద్య పరికరంగా ధ్రువీకరణ వచ్చింది. ఆర్గాన్‌తో, దాదాపు ఒక మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆ పరికరాన్ని మానని పుండ్ల మీద మెల్లగా తిప్పుతారు. జెట్ తగిలిన క్షణం నుంచి రోగి ఒళ్లు కూడా ఆ విద్యుత్ వలయంలో భాగమే. తడి పుండు మీద ఒకలా, పొడి చర్మం మీద మరోలా, ప్రయోగశాలలో ప్లాస్టిక్ పళ్లెం మీద ఇంకోలా ప్రవర్తిస్తుంది, మీట ఒకే అంకె దగ్గర ఉన్నా సరే.