బడి పాలన – తల్లి మాట

బిడ్డను బడికి పంపుటతోనే తన బాధ్యత తీరినదని తలంచు తల్లులు మనలో పెక్కుమంది గలరు. కాని ఆ బడి పాలన యెవరి చేతిలో నుండవలెను? ప్రజ లెన్నుకొన్నవారి చేతనా, పైవారు నియమించినవారి చేతనా? ఇది మగవారి సభలలో తేలవలసిన విషయమని మనము విడిచిపెట్టరాదు.

నియామకమునందు గుణము లేకపోలేదు. విజయనగరమున మహారాజావారి పోషణముతో 1857లో వెలసిన పాఠశాల 1879లో కళాశాల యయ్యెను. గురజాడ అప్పారావుగారు అచ్చటనే చదివి, అచ్చటనే బోధించిరి. ఆ విద్యాలయమును దాత యొక్క యౌదార్యమును, పండితుల శ్రద్ధయు నిలిపినవేగాని యెన్నికలు గావు. అయినను అట్టి దాత ప్రతి యూరికిని లభింపడు. లభించినను ఆతని మనసు మారినచో, అడుగుటకు తలిదండ్రులకు హక్కు లేదు.

హక్కునకును దయకును గల భేదమును ఇంగ్లండు చరిత్ర చక్కగా చూపుచున్నది. అచ్చట 1870లో ఎన్నికలద్వారా విద్యామండలు లేర్పడినవి. పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు వోటు లేని కాలమది. అయినను ఈ మండలులకు నిలుచు హక్కు వారికి గలిగెను. ఆ యేడే ఎలిజబెత్ గారెట్ అను వైద్యురాలును, ఎమిలీ డేవీసును లండను మండలి కెన్నికైరి. 1902 నాటి చట్టముచే ఆ మండలులు పోయి, విద్యాధికారము కౌంటీ సభలవంటివాని వశమయ్యెను. కౌంటీ సభలకు నిలుచు హక్కు స్త్రీలకు 1907 వరకు లేదు. అందుచే నంతవరకు విద్యాసంఘములలో వారు ఇతరులు చేర్చుకొన్నపుడే కూర్చుండగలిగిరి. ఎన్నికచే వచ్చిన పీఠము ఒకరి యనుగ్రహమయ్యెను!

మనకు నేడట్టి దుస్థితి లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలలకును, స్థానిక సంస్థల పాఠశాలలకును నిర్వహణ సంఘము లుండవలెను. సభ్యులలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులో సంరక్షకులో కావలెను. సగము మంది స్త్రీలు కావలెను. బడి నడక గమనించుట, అభివృద్ధి ప్రణాళిక సిద్ధము చేయుట, వచ్చిన ధనము సరిగా వినియోగమగుట చూచుట వీరి పనులు. ఆంధ్రప్రదేశమున 2024 ఆగస్టు 8వ తేదీని ఈ సంఘముల కెన్నికలు జరిగినవి.

ఎన్నికలు వచ్చినచో బడిలో కక్షలు పుట్టునని కొందరందురు. ఆ భయము వట్టిది కాదు. పాఠము చెప్పు విద్య ఎన్నికచే రాదనుటయు సత్యమే. అందులకు శిక్షణ పొంది నియమితులైన యుపాధ్యాయులే కావలెను. కాని మధ్యాహ్న భోజనపు రుచి, తాగునీటి శుభ్రత, మరుగుదొడ్డి లేక బడికి పోనొల్లని బాలిక యిబ్బంది, వీనిని తల్లికన్న నెవరెరుగుదురు? శ్రీకాకుళ ప్రాంతమునుండి కూలికై హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు వలసపోవు కుటుంబము లెన్నియో! వారి బిడ్డలలో పలువురు నాయనమ్మ యొద్దనో అమ్మమ్మ యొద్దనో యుండి చదువుకొందురు. చట్టములో సంరక్షకులన్న మాట యున్నది గనుక, ఆ ముసలి తల్లికిని ఈ సంఘమున చోటున్నది. ఏ నియామకపు పట్టికలో నామె పేరెక్కును?

కావున నెన్నికయే మేలని నా యభిప్రాయము. కాని పేరు భార్యది, మాట భర్తది యైనచో నది యెన్నిక గాదు. ఊరిపెద్ద యెదుట చేయెత్తుటకు జంకు తల్లి రహస్యపు వోటు కోరుట తప్పు గాదు. గెలిచిన తల్లి సమావేశమునకు తానే పోవలెను; లెక్కలు చదివించుకొని వినవలెను; తెలియనిది అడుగవలెను. చదువు రాదని సిగ్గుపడ నవసరము లేదు. ఇంటి సంతపద్దు చూచుకొను నేర్పరికి బడిపద్దు కొరుకుడుపడనిది కాదు.

చట్టము మనకు పీట వేసినది. దానిపై మనమే కూర్చుండవలెను.