పుష్‌రాడ్డు వంగరాదు

నరసరావుపేట, మాచర్ల, గురజాల బాటలపై బుల్లెట్ మోటారు సైకిలు చప్పుడు ఎరుగని వారుండరు. పాత బుల్లెట్ ఇంజనులో అడుగున తిరిగే కామ్ ఒక సన్నని కడ్డీని పైకి నెడుతుంది. ఆ కడ్డీ రాకరును కదల్చి వాల్వును తెరిపిస్తుంది. అదే పుష్‌రాడ్డు.

పందెపు ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు ప్రతి వాల్వూ సెకనుకు 50 మార్లు తెరచుకోవాలి. ఆ ఒత్తిడికి కడ్డీ వింటిబద్దవలె వంగి, మరుక్షణమే నిటారై, వాల్వును అదుపు తప్పిస్తుంది. ఆ వాల్వు పిస్టనుకు తగిలితే ఇంజను పాడైనట్లే.

గట్టి ఉక్కు వాడితే చాలదా అని శ్రోతలు అడుగవచ్చు. చాలదు. గట్టి ఉక్కు సులభంగా శాశ్వతమైన వంకర పోదు గాని, క్షణకాలపు వంపు మెత్తని ఉక్కులో వలెనే అందులోనూ ఉంటుంది. ఆ వంపును ఆపేది ఆకారం. కడ్డీ మందం రెండింతలైతే బిగువు 16 ఇంతలు. పొడవు సగమైతే, వంగిపోకుండా ఓర్చుకొనే భారం 4 ఇంతలు. బరువు పెరగకుండా వెదురువలె లోపల బోలుగా ఉంచుతారు. అందుకే పందెపు పుష్‌రాడ్లు తరచు క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాలు. 1994లో అమెరికాలో ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెం గెలిచిన మెర్సిడెస్ ఇంజను పుష్‌రాడ్లదే.

మెకానిక్కు ఇంజను విప్పినప్పుడు పుష్‌రాడ్డును చదునైన అద్దంపై దొర్లించి చూడండి. ఎగుడుదిగుడుగా దొర్లితే సుత్తితో సరిచేయించక, మార్పించడమే క్షేమం.