బయ్యా యజ్ఞనారాయణ

బయ్యా యజ్ఞనారాయణ వాక్సంకేతాల విశ్లేషణలో ప్రసిద్ధి చెందిన ఆచార్యుడు, పరిశోధకుడు. స్వరతంత్రులు మూసుకునే క్షణాన్ని మాట ధ్వని నుండే గుర్తించే పద్ధతులు ఈయన కృషిలో ముఖ్యమైనవి.

విద్య, ఉద్యోగం

1961లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి బీఎస్సీ పట్టా పొందాడు. తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చదివి, 1966 నుండి అక్కడే బోధించాడు. 1974లో డాక్టరేటు వచ్చింది. 1977–80 మధ్య అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోను, 1980 నుండి 2006 వరకు ఐఐటీ మద్రాసులోను పనిచేశాడు. 2006లో హైదరాబాదు గచ్చిబౌలిలోని ఐఐఐటీలో చేరాడు. 1999లో వెలువడిన కృత్రిమ నాడీజాలాల పాఠ్యగ్రంథం ఈయన రచనే.

పరిశోధన

మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు పురుషులలో సెకనుకు సుమారు 100 సార్లు, స్త్రీలలో సుమారు 200 సార్లు తెరచి మూసుకుంటాయి. మూసుకున్న క్షణంలో గాలి ప్రవాహం హఠాత్తుగా ఆగి, చప్పట్లు చరచినట్లు ఒక తాకిడి పుడుతుంది. అయితే నోటి, గొంతు కుహరాల అనునాదం దానిని కప్పివేస్తుంది. అందువల్ల మైకులో నమోదైన ధ్వనిలో ఆ క్షణం సులభంగా కనిపించదు.

1979లో టి.వి. అనంతపద్మనాభతో కలిసి ఈయన ప్రకటించిన పద్ధతిలో ముందుగా అనునాదాన్ని అంచనా వేసి తొలగించి, మిగిలిన సంకేతంలో ఆ తాకిడిని వెదకుతారు. 2008లో కె. శ్రీరామమూర్తితో కలిసి ప్రకటించిన పద్ధతి ఇంకా సరళమైనది. తాకిడి శక్తి అన్ని పౌనఃపున్యాలలోను, సున్నా వద్ద కూడా, ఉంటుంది. కుహరాల అనునాదాలు మాత్రం కొన్ని వందల హెర్ట్‌జ్‌లకు పైననే ఉంటాయి. కాబట్టి సున్నా వద్ద వడపోస్తే అనునాదాల బెడద చాలావరకు తప్పుతుంది. ఇంత చిన్న ఊహకు దాదాపు 30 ఏళ్ళు పట్టడం గమనార్హం.

గాత్ర ఆరోగ్యంతో సంబంధం

ఆరోగ్యవంతమైన గొంతులో వరుస కంపనాల కాలవ్యవధులు దాదాపు సమానంగా ఉంటాయి. తంత్రులపై బొడిపెలు ఏర్పడినా, పక్షవాతం వచ్చినా ఆ క్రమం చెడవచ్చు. ఈ తేడాను కొలవాలంటే ప్రతి కంపనం ఎక్కడ మొదలైనదో తెలియాలి. మెడకు ఎలక్ట్రోడ్లు అమర్చి కంపనాలను నమోదు చేసే పరికరం ఉన్నది గాని, అది అన్నిచోట్లా దొరకదు. ధ్వని నుండే కొలిచే వీలుంటే గొంతే జీవనాధారమైన ఉపాధ్యాయులు, గాయకులు వంటివారిని పరీక్షించడం తేలికవుతుంది. అయితే బాగా బొంగురుపోయిన గొంతులో కంపనాలే క్రమం తప్పుతాయి గనుక, కొలత ఎక్కువ అవసరమైన చోటే అది కష్టమవుతుంది. కొలత ఒక్కటే రోగనిర్ధారణ కాదు. స్వరపేటికను వైద్యుడు చూడవలసిందే.

గుర్తింపు

ఈయన ఐఈఈఈ, భారత జాతీయ విజ్ఞాన అకాడమీల ఫెలో. 2018 సెప్టెంబరులో హైటెక్ సిటీ సమీపంలోని హెచ్ఐసీసీలో జరిగిన ఇంటర్‌స్పీచ్ అంతర్జాతీయ సదస్సుకు ప్రధాన అధ్యక్షుడిగా వ్యవహరించాడు.