మోకాలికి ర్యాంకు తెలీదు

2009 డిసెంబర్ 5. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం. హ్యూస్టన్ జట్టుతో మ్యాచ్ మొదలై ఇంకా కొద్ది నిమిషాలే అయింది. పోర్ట్‌లాండ్ జట్టులోని ఏడడుగుల కుర్రాడు అవతలివాడి షాట్‌ని ఆపడానికి ఎగిరాడు. దిగేటప్పుడు ఎడమ కాలు నిలబడలేదు. కింద పడి మోకాలు పట్టుకున్నాడు. స్టేడియం మొత్తం ఒక్కసారి చప్పబడిపోయింది. మోకాలి చిప్ప విరిగింది, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. మళ్లీ ఎన్‌బీఏ మ్యాచ్‌లో ఆడటానికి అతనికి నాలుగేళ్ల పైనే పట్టింది.

అతని పేరు గ్రెగ్ ఓడెన్. యూట్యూబ్‌లో "ఎన్‌బీఏ చరిత్రలో అట్టర్‌ఫ్లాప్‌లు" లాంటి వీడియో ఏది చూసినా ఇతని మొహం కనిపిస్తుంది. మా హాస్టల్లో పొద్దున్నే లేచి ఫోన్లో ఎన్‌బీఏ చూసే బ్యాచ్ ఒకటి ఉంది. నేనూ అందులోనే. మేమూ చాలాకాలం అతన్ని తుస్సుమన్న టపాసు అనే అనుకున్నాం. ఈమధ్య అతని కెరీర్‌ని వరసగా, తేదీలతో సహా చూసుకుంటూ వచ్చాక ఆ మాట మీద నాకు అనుమానం వచ్చింది. ఆ అనుమానమే ఈ వ్యాసం.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏంటో

ఎన్‌బీఏలో 30 జట్లుంటాయి. ప్రతి ఏడాదీ కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్నే డ్రాఫ్ట్ అంటారు. బాగా ఆడిన జట్టుకి ముందు వంతు ఇస్తే అది ఇంకా బలపడుతుంది కాబట్టి, ఓడిన జట్లకి ముందు అవకాశం ఇస్తారు. అలాగని ఆఖరి స్థానంలో ఉన్నవాళ్లకే మొదటి వంతు ఖాయం అంటే అందరూ కావాలని ఓడతారు. అందుకని లాటరీ పెట్టారు. 14 బంతుల్లోంచి 4 తీస్తారు. మన ఇంటర్ లెక్కే: 14లోంచి 4 ఎంచుకునే విధానాలు 1001. అందులో ఒకటి వదిలేసి, మిగతా 1000 కాంబినేషన్లని జట్ల మధ్య పంచుతారు. ఎక్కువ ఓడినవాళ్లకి ఎక్కువ వాటా.

2007లో పోర్ట్‌లాండ్‌కి ఉన్న వాటా 53. అంటే 5.3 శాతం. అయినా లాటరీ వాళ్లకే తగిలింది. ఆ ఊరు పండగ చేసుకుంది. ఎందుకంటే ఆ ఏడాది మొదటి పేరు ఎవరిదో దేశమంతా తెలుసు.

ఇండియానాపొలిస్‌లో హైస్కూల్లో ఉండగా ఓడెన్ జట్టు వరసగా మూడేళ్లు, 2004 నుంచి 2006 దాకా, రాష్ట్ర చాంపియన్. స్కూలు అయిపోగానే ఎన్‌బీఏకి వెళ్లడానికి అప్పుడే వచ్చిన కొత్త రూల్ అడ్డం వచ్చింది: కనీసం 19 ఏళ్లుండాలి, హైస్కూల్ అయిపోయి ఏడాది గడవాలి. దాంతో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. చేరేటప్పటికే కుడి మణికట్టుకి ఆపరేషన్ అయింది. అది పూర్తిగా నయమయ్యేలోపు ఫ్రీ త్రోలు ఎడమ చేత్తో వేశాడు! ఆ ఒక్క ఏడాదిలోనే జట్టుని జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఫైనల్లో ఫ్లోరిడా చేతిలో ఓడిపోయారు కానీ అతనొక్కడే 25 పాయింట్లు, 12 రీబౌండ్లు సాధించాడు.

2007 జూన్ 28న పోర్ట్‌లాండ్ మొదటి పేరుగా ఓడెన్‌ని పిలిచింది. రెండో పేరు కెవిన్ డ్యురాంట్. ఆ రెండో పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

వరసగా దెబ్బలు

సీజన్ ఇంకా మొదలే కాలేదు. కుడి మోకాలు నొప్పి అంటే లోపలికి చిన్న కెమెరా పంపి చూశారు. గుజ్జు దెబ్బతిని ఉంది. 2007 సెప్టెంబర్‌లో మైక్రోఫ్రాక్చర్ సర్జరీ. మొదటి సీజన్ మొత్తం పోయింది.

2008 అక్టోబర్‌లో తొలి మ్యాచ్. 13 నిమిషాలు ఆడాడు, పాదానికి దెబ్బ. కోలుకుని వచ్చాక 2009 ఫిబ్రవరిలో మరో ఆటగాడి మోకాలు తగిలి ఎడమ మోకాలి చిప్ప కాస్త పగిలింది. ఆ సీజన్లో 61 మ్యాచ్‌లు. తర్వాతి సీజన్లో 21 మ్యాచ్‌లయ్యాక మొదట చెప్పిన ఆ డిసెంబర్ రాత్రి. 2010 నవంబర్‌లో ఎడమ మోకాలికి మైక్రోఫ్రాక్చర్. 2012 ఫిబ్రవరిలో అదే మోకాలికి మళ్లీ. మొత్తం మూడు. మార్చిలో పోర్ట్‌లాండ్ అతన్ని వదిలేసింది.

61, 21 కలిపితే 82. ఎన్‌బీఏలో ఒక జట్టు ఒక సీజన్లో ఆడే మ్యాచ్‌లు కూడా సరిగ్గా 82. అంటే ఐదేళ్ల కాలంలో అతను పోర్ట్‌లాండ్‌కి ఆడింది లెక్కకి ఒక్క సీజన్. తర్వాత 2013–14లో మయామీకి 23 మ్యాచ్‌లు ఆడాడు. ఎన్‌బీఏ కెరీర్ మొత్తం 105.

మరి ఆడిన రోజుల్లో ఎలా ఆడాడు? చిప్ప విరిగేదాకా ఆ 21 మ్యాచ్‌ల సగటు చూడండి: 24 నిమిషాల లోపే 11.1 పాయింట్లు, 8.5 రీబౌండ్లు, 2.3 బ్లాకులు. వేసిన షాట్లలో 60 శాతం పైనే లోపల పడ్డాయి. ఫౌల్స్ ఎక్కువ చేసేవాడు, అది నిజమే. కానీ ఇవి ఆట రానివాడి అంకెలు కావు.

పొడుగువాళ్లకే ఎందుకిలా?

ఇక్కడ మన బ్రాంచి విషయం కొంచెం వస్తుంది, ఓపిక పట్టండి.

ఐదడుగుల పది అంగుళాల మనిషిని అచ్చం అదే ఆకారంలో ఏడడుగులకి పెంచామనుకోండి. పొడుగు 1.2 రెట్లు. ఎముక అడ్డుకోత వైశాల్యం 1.2కి వర్గం, అంటే 1.44 రెట్లు. బరువు మాత్రం ఘనం, అంటే దాదాపు 1.73 రెట్లు. మోసే స్తంభం 44 శాతమే లావైంది, పైన బరువు 73 శాతం పెరిగింది. అంటే ఎముకలోని ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 20 శాతం ఎక్కువ ఒత్తిడి. 1638లోనే గెలీలియో ఈ సంగతి రాశాడు. అసలు మనుషులు అచ్చు గుద్దినట్టు ఒకే నిష్పత్తిలో పెరగరు, నిజమే. కానీ లెక్క ఏ దిక్కుకి లాగుతుందో తెలుస్తోంది కదా.

ఇది నిలబడి ఉన్నప్పటి సంగతి. బాస్కెట్‌బాల్‌లో సెంటర్ పనే ఎగరడం, దిగడం, అవతలి బరువుని భుజంతో కాచుకోవడం. ఎగిరి దిగిన ప్రతిసారీ కాళ్ల మీద పడే బలం శరీర బరువుకి చాలా రెట్లుంటుంది. తీగని ఒక్కసారి వంచితే తెగదు. అటూ ఇటూ వంచుతూ పోతే ఒక క్షణాన పుటుక్కున తెగుతుంది. ల్యాబ్‌లో మనం చేసే ఫెటీగ్ టెస్ట్ అదే. ఎముక తీగ కాదు, ప్రాణం ఉన్నది. పడిన సన్నటి పగుళ్లని తనే పూడ్చుకుంటుంది. కానీ దానికి టైమ్ కావాలి. పగుళ్లు పడే వేగం పూడ్చే వేగాన్ని దాటితే స్ట్రెస్ ఫ్రాక్చర్ వస్తుంది. పాదంలో నావిక్యులర్ అనే పడవ ఆకారపు ఎముక ఉంటుంది. దాని మధ్యభాగానికి రక్తం తక్కువ అందుతుంది, అందుకే అక్కడ పగులు త్వరగా మానదు.

మోకాలి గుజ్జుది ఇంకా కష్టం. పుస్తకాల్లో మృదులాస్థి, మనం కార్టిలేజ్ అంటాం. దాంట్లో రక్తనాళాలే ఉండవు. రక్తం రానిచోట రిపేరు సామాన్లూ రావు. మైక్రోఫ్రాక్చర్‌లో డాక్టర్లు చేసేదేంటంటే, గుజ్జు పోయినచోట కింది ఎముకకి కావాలనే సన్నటి చిల్లులు పెడతారు. లోపలి మజ్జ నుంచి రక్తం, కణాలు పైకి ఊరి, అక్కడ కొత్త పొర కడుతుంది. బానే ఉంది కానీ ఆ పొర అసలు గుజ్జంత గట్టిది కాదు. రోడ్డు మీద గుంతకి ప్యాచ్ వేసినట్టు. ఆటోలు పోతే పర్లేదు, రోజూ లోడు లారీలు పోతే ఎన్నాళ్లుంటుంది? ఓడెన్ కాళ్ల మీద పోయింది 110 కిలోల పైచిలుకు లారీ.

అంటే ఇందులో బద్ధకం లేదు, భయం లేదు, ఆట రాకపోవడం అసలే లేదు.

మరి ఆ పేరు ఎందుకు పడింది?

దీనికి జవాబు ఓడెన్ దగ్గర లేదు. అతని పక్కవాళ్ల దగ్గర ఉంది.

పోర్ట్‌లాండ్ కథే చూడండి. 1974లో మొదటి పేరుగా బిల్ వాల్టన్ అనే సెంటర్‌ని తీసుకున్నారు. మొదటి రెండేళ్లూ దెబ్బలే. మూడో ఏడు, 1977లో, జట్టుని చాంపియన్ చేశాడు. 1978లో లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అదే ఏడు పాదం ఎముక విరిగింది. ఆ తర్వాత సీజన్లకి సీజన్లే పోయాయి. అయినా వాల్టన్‌ని ఎవరూ తుస్ అనరు, "అయ్యో" అంటారు.

1984లో అదే జట్టు రెండో పేరుగా శామ్ బోవీ అనే సెంటర్‌ని తీసుకుంది. కాలేజీలోనే కాలి ఎముక పగులుతో రెండు సీజన్లు పోగొట్టుకున్నవాడు. పోర్ట్‌లాండ్‌లోనూ కాలు విరిగింది. కానీ తట్టుకుని నిలబడి ఎన్‌బీఏలో 500 పైగా మ్యాచ్‌లు ఆడాడు. అది చిన్న విషయమా? అయినా నలభై ఏళ్లుగా అతని పేరు జోకే. కారణం ఒక్కటే: మూడో పేరు మైకేల్ జోర్డాన్.

ఓడెన్‌ది కూడా అదే గొడవ. రెండో పేరు డ్యురాంట్ 2014లో అత్యుత్తమ ఆటగాడు, 2017, 2018లో చాంపియన్. డ్యురాంట్‌కీ 2019 ఫైనల్స్‌లో మడమ పైన అకిలీస్ తెగింది, తర్వాతి సీజన్ మొత్తం ఆడలేదు. ఎవరూ మాట అనలేదు. అప్పటికే నిరూపించుకున్నాడు కాబట్టి జాలి దొరికింది. అదే దెబ్బ ముందు తగిలితే ఫ్లాప్, తర్వాత తగిలితే ట్రాజెడీ. ఎముకకి మాత్రం రెండూ ఒకటే.

ఇంకో పేరు కూడా ఉంది. హైస్కూల్లో, ఒహాయో స్టేట్‌లో ఓడెన్ పక్కనే ఆడిన దోస్తు మైక్ కాన్లీ అదే డ్రాఫ్ట్‌లో నాలుగో పేరు. పొట్టివాడు, అంటే ఎన్‌బీఏ లెక్కలో పొట్టివాడు, ఆరడుగుల పైన కొంచెం. అతను వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఒకే స్కూలు, ఒకే కాలేజీ, ఒకే ఏడాది. ఆట మొదలెట్టినప్పుడు ఎవరి మోకాలు ఎన్నాళ్లొస్తుందో ఇద్దరికీ తెలీదు.

ఇప్పుడేమైనా మారిందా?

కొంత మారింది. 2014లో ఫిలడెల్ఫియా మూడో పేరుగా జోయెల్ ఎంబీడ్‌ని తీసుకుంది. అప్పటికే అతని నావిక్యులర్ ఎముక పగిలి ఉంది. తొందరపెట్టలేదు. రెండు సీజన్లు పూర్తిగా కూర్చోబెట్టారు. మూడో ఏడు నిమిషాలు లెక్కపెట్టి 31 మ్యాచ్‌లే ఆడించారు. 2023లో అతను అత్యుత్తమ ఆటగాడయ్యాడు. అలాగని కథ సుఖాంతం అనుకోకండి. 2024–25లో మోకాలి వల్ల 19 మ్యాచ్‌లే ఆడగలిగాడు. 2022లో రెండో పేరు చెట్ హోమ్‌గ్రెన్‌కి సీజన్ మొదలవకముందే పాదం దెబ్బతింది. ఏడాది మొత్తం ఆగాడు. 2025లో ఓక్లహోమా సిటీతో చాంపియన్.

అంటే ఓపిక పడితే అందరూ బాగుపడతారని కాదు. ఓపిక పడితే ఒక అవకాశం మిగులుతుందని. పైగా టికెట్ కొన్న జనం, టీవీ ఒప్పందాలు ఆటగాడిని కోర్టులోనే చూడాలంటాయి. అందుకే 2023–24 నుంచి పెద్ద అవార్డులకి కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలని రూల్ పెట్టారు. ఒక చేత్తో "రెస్ట్ తీసుకో" అంటూ ఇంకో చేత్తో "ఆడు" అని నెట్టడమే.

ఓడెన్ ఏమయ్యాడు?

ఆటకి దూరమైన ఆ రోజుల్లో తాగుడికి అలవాటు పడ్డానని తనే చెప్పాడు. 2014లో మాజీ ప్రియురాలిని కొట్టిన కేసులో అరెస్టయి, తర్వాత నేరం ఒప్పుకున్నాడు. దానికి మోకాలిని సాకుగా చూపించలేం, చూపించకూడదు. అది అతని తప్పే. మోకాళ్లు మాత్రం అతని తప్పు కాదు. ఈ రెండింటినీ విడదీసి చూడటమే న్యాయం అనుకుంటున్నా.

చైనాలో ఒక సీజన్ ఆడి ఆపేశాక, వదిలేసిన డిగ్రీ కోసం ఒహాయో స్టేట్‌కి తిరిగెళ్లాడు. తనకంటే పదేళ్లు చిన్నవాళ్లతో క్లాసుల్లో కూర్చుని 2019లో పట్టా తీసుకున్నాడు. 2022లో బట్లర్ యూనివర్సిటీ జట్టు నిర్వహణ పనిలో చేరాడు. అప్పుడు అక్కడి కోచ్ ఎవరో కాదు, కాలేజీలో తనకి కోచ్‌గా ఉన్న థాడ్ మాటానే. చరిత్రలో అతి పెద్ద ఫ్లాప్‌గానే తనని గుర్తుపెట్టుకుంటారని ఓడెన్ ఒకసారి తనే అన్నాడు.

మనకి ఈ కథ కొత్తేం కాదు. ఫస్టియర్‌లో చేరిన రోజు నుంచి "నీ ర్యాంకెంత?" అనే ప్రశ్నతోనే పరిచయాలు మొదలయ్యాయి. ర్యాంకు ఆ ఒక్క రోజు గురించి చెప్తుంది. తర్వాత ఎవరికి జ్వరం వస్తుందో, ఎవరింట్లో ఏం జరుగుతుందో, ఎవరికి రెండేళ్లు ఆగాల్సి వస్తుందో దానికి తెలీదు. మా బ్యాచ్‌లో ఆరోగ్యం బాలేక ఏడాది ఆగిపోయినవాడు తిరిగొచ్చినప్పుడు, "అంత ర్యాంకు వచ్చినోడు ఇలా అయిపోయాడేంట్రా" అని అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఓడెన్ తేదీలు చదువుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది.

ఈ వ్యాసం మొదట వాడికే చూపించాను. చదివి, "నావిక్యులర్ స్పెల్లింగ్ సరిగ్గానే ఉందా?" అన్నాడు. అంతే. ఇద్దరం కలిసి చూసి సరిచేశాం.