కొడవలి రక్తము: సేద్యము మన దేహమున నుంచిన గుర్తు



విత్తన మెన్నుకొనుట మనకు వెన్నతో పెట్టిన విద్య. గింజ రాలని కంకులను, బలిసిన వెన్నులను ఏరి, మరుసటి యేటికి దాచి, అడవి గడ్డిని వరిగా మార్చినవారు మన పూర్వులే. ఇది యెల్లరు నెఱిగినదే. కాని యీ పది వేల యేండ్లలో సేద్యమును మనుష్యుని దేహమును మార్చినదని యెఱిగినవారు కొందఱే.

పాల సంగతి చూడుడు. లోకమున పెక్కుమందికి బాల్యము గడచిన పిమ్మట పాలలోని చక్కెరను అరిగించుకొను శక్తి తగ్గిపోవును. పసుల మేపి పాలు త్రావి బ్రతికిన జాతులలో మాత్రము కొన్ని వేల యేండ్లలోనే ఆ శక్తి పెద్దతనమునను నిలిచియుండు గుణము వ్యాపించినది. పాలు పడనివానికి పెరుగు పడుటకు కారణము, తోడుకొనునపుడు ఆ చక్కెరలో కొంత హరించుకొనిపోవుటయే. ఇది మేలు చేసిన మార్పు. మేలును కీడును ఒక్కటిగ తెచ్చిన మార్పు వేఱొకటి కలదు.

నేను ఏజెన్సీలో వరినాట్ల ప్రదర్శన జరిపించుచున్న దినములలో ఒక యువకుడు నాకు తోడుగ పనిచేసెడివాడు. చల్లని నీట కొంత తడవు నిలువగానే కీళ్లు పట్టుకొని గట్టుపై కూలబడెడివాడు. సోమరితనమని యెంచి యతనిని పదిమందిలో మందలించితిని. అతడు మాఱుపలుకలేదు. కొన్ని మాసములకు ఆరోగ్య కేంద్రమున రక్తము పరీక్షింపగా సికిల్ సెల్ వ్యాధి యని తేలినది. నాటి నా మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాను. ఈ వ్యాసమునకు అదియే మూలము.

ఆరోగ్యవంతుని రక్తములోని యెఱ్ఱ కణములు గుండ్రముగ, మెత్తగ నుండి, సన్నని నాళములలో వంగి దూరిపోవును. ఈ వ్యాధి గలవారి కణములు ప్రాణవాయువు తగ్గినంతనే బిరుసెక్కి కొడవలివలె వంకరతిరుగును. పిల్లకాలువకు చెత్త యడ్డుపడినట్లు అవి నాళములలో చిక్కుకొనగా, ఆవలి భాగమునకు రక్తమందక భరింపరాని నొప్పి పుట్టును. మంచి కణము సుమారు 120 దినములు బ్రతుకగా, కొడవలి కణము 10 మొదలు 20 దినములలో నశించును. రక్తహీనతయు, కన్నుల పచ్చదనమును అందుచే కలుగుచున్నవి. చలి, దప్పిక, అతిశ్రమ, జ్వరము ఈ నొప్పిని రేపును. నాట్ల నీటిలో నా సహాయకుడు కూలబడుటకు కారణ మిదియే.

ఇంత కీడు చేయు గుణము తరతరములుగ నేల నిలిచినది? మలేరియా పురుగు దోమలో పెరుగునని 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదుననే రొనాల్డ్ రాస్ కనుగొనెను. 1954లో ఆంథొనీ అలిసన్ అను వైద్యుడు తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశోధనలను ప్రకటించుచు, ఈ గుణము తల్లిదండ్రులలో ఒక్కరినుండి మాత్రమే వచ్చిన బిడ్డలకు మలేరియానుండి రక్షణ గలదని చూపెను. ప్రాణాంతకమగు మలేరియా అట్టి బిడ్డలకు చాల అరుదు. వారు బ్రతికి బిడ్డలను కనిరి, గుణము నిలిచినది.

ఇక సేద్యమునకు దీనితో సంబంధమేమి? 1958లో ఫ్రాంక్ లివింగ్‌స్టన్ అను పండితుడు పశ్చిమ ఆఫ్రికాను గూర్చి ఇట్లు వివరించెను: అడవి నఱికి పైరు పెట్టగా, నీడపోయి యెండ తగులు నీటిగుంటలు ఏర్పడినవి; అందు మలేరియా దోమ పెరిగినది; జనులు ఒక్కచోట గుమిగూడి నివసింపగా దానికి ఆహారము దొరకినది. నాగలి నేలను మార్చెను. నేల దోమను పెంచెను. దోమ మన రక్తమున ఏది నిలువవలయునో నిర్ణయించెను.

తల్లిదండ్రు లిద్దఱును ఈ గుణమును మోయువారైనచో, 1866లో మెండెల్ బఠాణీ మొక్కలయందు చూపిన లెక్కయే యిచ్చటను వర్తించును. ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాల్గింట నొకపాలు, గుణము మాత్రము వచ్చుటకు సగపాలు, ఏమియు రాకుండుటకు నాల్గింట నొకపాలు అవకాశము. ఇది అంటువ్యాధి కాదు. ఎవ్వరి తప్పును కాదు. గుణము మాత్రమే మోయువారు సాధారణముగ ఆరోగ్యవంతులు. వారిని వెలివేయుట అజ్ఞానము. వ్యాధి ఏజెన్సీ జాతులలో హెచ్చుగ నున్నను, ఇతరులలో లేదని యెంచరాదు.

కర్తవ్యము మూడు విధములు. మొదటిది, పరీక్ష. భారత ప్రభుత్వము 2023 జులై 1వ తేదీన షహడోల్‌లో ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏండ్లలోపు వారిని 7 కోట్లమందిని పరీక్షింప సంకల్పించినది. సంఘ సర్వసభ్య సమావేశ దినమున ఆరోగ్య కేంద్రమువారిని పిలిపించినచో, ఒక్కపూటలో ఊరంతయు పరీక్షింపబడును. వివాహము నిశ్చయించుటకు ముందే రక్తము చూపించుకొనుడు.

రెండవది, చికిత్స. వ్యాధిగ్రస్తునికి నీరు హెచ్చుగ త్రాగించి, చలిలోను మిట్టయెండలోను పనికి పంపకుడు. జ్వరము వచ్చినంతనే వైద్యుని కడకు చేర్పుడు. హైడ్రాక్సీయూరియా యను మాత్ర వైద్యుని సలహాపై వాడినచో నొప్పుల రాకడ తగ్గును.

మూడవది, నీరు. దోమపిల్ల నీట పెరిగి ఎగురుటకు వారము పది దినములు పట్టును. కావున ఇంటి తొట్లను వారమున కొకసారి ఆరబెట్టుడు. వీలైనచోట వరికి ఆరుతడి పెట్టుడు, నీరును మిగులును. వాగుల యంచున గడ్డి తీసి ప్రవాహమును సాగనిండు.

మలేరియా తగ్గినకొలది ఈ గుణముయొక్క మేలు తగ్గుచున్నది. కీడు మాత్రము నిలిచియున్నది. పూర్వుల దేహములను మార్చుటకు వేల యేండ్లు పట్టెను. మన పొలమును, మన యూరి యలవాటును మార్చుటకు ఒక్క ఋతువు చాలును. ఇకమీదట నాట్లలో ఎవ్వడైన గట్టుపై కూలబడినచో, సోమరి యనుటకు ముందు నీరిచ్చి, రక్తము చూపింపుడు.