బల్బు మారినా బిల్లు తగ్గదేం?

బాపులపాడు: కరెంటు బిల్లు చేతికి రాగానే పల్లెల్లో ముందు మీటరునే అనుమానిస్తారు. అయితే మీటరుకంటే ముందు చూడవలసింది ఇంట్లో వెలిగే దీపాలను, తిరిగే ఫ్యాన్లను. వంటింట్లో, పశువుల కొట్టంలో, దొడ్డివైపు పాత తీగ బల్బు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో వెలుగుతూనే ఉంది. అది కాల్చే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుంది.

60 వాట్ల బల్బులు నాలుగు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 36 యూనిట్లు అవుతాయి. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు నాలుగింటికి అయిదున్నర యూనిట్లు కూడా కావు. అంటే 30 యూనిట్లు మిగిలినట్లే. 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిటు రూ.1.90, ఆపై 75 వరకు రూ.3, ఆపై 125 వరకు రూ.4.50. నెలకు 100 యూనిట్లు కాల్చే ఇల్లు 70కి దిగితే యూనిట్ల ఖర్చు రూ.304.50 నుంచి రూ.177కు తగ్గుతుంది. మిగతా ఛార్జీలు వేరు.

ప్రభుత్వ సంస్థ 2014లో రూ.310 పెట్టి కొన్న ఎల్.ఇ.డి. బల్బు 2016 నాటికి రూ.38కి దిగింది. 2021 మార్చిలో కేంద్రం ప్రారంభించిన గ్రామ ఉజాలా పథకం తొలి విడతకు ఎంచుకున్న ప్రాంతాల్లో విజయవాడ ఒకటి. వెలిగే పాత బల్బు ఇచ్చి, పది రూపాయలు కడితే కొత్తది ఇచ్చేలా, ఇంటికి 5 వరకు ఇచ్చేలా ఆ పథకాన్ని రూపొందించారు. ఇప్పుడు బజారులో కొన్నా ఆ ధర కొద్ది నెలల్లోనే బిల్లులో తిరిగి వస్తుంది. గ్యారంటీ చూసి, రసీదు తీసుకోవడం మరువరాదు.

బల్బులన్నీ మార్చినా వేసవిలో బిల్లు తగ్గలేదని కొందరు నిరాశపడుతుంటారు. మామిడి కోతల కాలం ఎండల కాలం కూడా. 75 వాట్ల పాత ఫ్యాను ఒక్కటి రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. నాలుగు బల్బుల వల్ల మిగిలిందంతా ఆ ఒక్క ఫ్యానే తినేస్తుంది. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యాను అయితే పదమూడున్నర యూనిట్లతో సరిపోతుంది. దాని ధర ఎక్కువ కనుక, ఇంట్లో ఎక్కువ సేపు తిరిగే ఫ్యానును ముందుగా మార్చుకోవడం మేలు. మనిషి లేని గదిలో స్విచ్చి ఆపడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు పెద్దలు. ఇప్పుడు ఆ దీపాన్నే ముందు చక్కబెట్టుకోవాలి.