నాలుగు చక్రముల పొందిక

ఎడ్లబండి ఇరుసు ఏమాత్రము వంగినను బండి సూటిగా నడువదు. ఎద్దులు ఊరక అలసిపోవును. చక్రపు పట్టా ఒక ప్రక్కనే అరిగిపోవును. తెలిసిన బండివాడు ఎద్దులను అదలింపక ఇరుసును చక్కజేయించును. మోటారు బండికిని ఈ న్యాయమే వర్తించును. దాని చక్రములను తగిన కోణములలో నిలుపు పనిని వీల్ అలైన్‌మెంట్ అందురు. నాలుగు చక్రములకును ఇంజను బలము చేరు పాత బండ్లకు ఈ పని మిక్కిలి జాగరూకతతో చేయవలెను.

అట్టి బండ్లు మన దేశమునకు క్రొత్తవి కావు. 1941లో యుద్ధావసరములకై అమెరికాలో తయారైన విల్లీస్ జీపును పిమ్మట మహీంద్రా వారు మన దేశమున కూర్చి అమ్మిరి. 1985లో మారుతి జిప్సీ వచ్చినది. ఈ రెంటికిని ఇరుప్రక్కల చక్రములను కలుపు దృఢమైన ఇరుసులు గలవు. 2011లో వెలువడిన ఎక్స్‌యూవీ 500 వంటి బండ్లలోనో ఒక్కొక్క చక్రము విడివిడిగా పైకి క్రిందికి ఆడును. కావున దేని కోణము దానికే తప్పవచ్చును.

ఆ కోణములు ముఖ్యముగా మూడు. మనిషి పాదములను లోపలికో వెలుపలికో త్రిప్పి నడచినట్లు, చక్రముల ముందంచులు త్రిప్పియుండుట టో. చక్రపు పైభాగము లోపలికి గాని వెలుపలికి గాని ఒరగియుండుట క్యాంబర్. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా నుండుటను మీరు చూచియుందురు. మోటారు బండి ముందు చక్రములు తిరుగు అక్షమునకును అట్టి వాలు ఉన్నది. దానిని క్యాస్టర్ అందురు. మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు తనంత తానే నడిమికి వచ్చుటకు ఇదియే తోడ్పడును.

హైదరాబాదు పాతబస్తీలో, మూసీనదికి దక్షిణమున కిషన్‌బాగు అను పేట కలదు. అచ్చటి ఇరుకుదారులలో బండి మెల్లగా పోవును గనుక కోణదోషము అంతగా తెలియదు. ఆ బండియే సమీపమున నున్న పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వేపై వేగముగా సాగినపుడు స్టీరింగు ఒక ప్రక్కకు లాగును. 2009లో ప్రారంభమైన ఆ పైవంతెన పొడవు సుమారు 11.6 కిలోమీటర్లు. ఒక చక్రము ఉండవలసిన దిశకు డిగ్రీలో పదవవంతు తప్పియున్నదనుకొందము. అప్పుడది కిలోమీటరునకు సుమారు 1.75 మీటర్లు అడ్డముగా ఈడ్వబడును. వంతెన దాటునప్పటికి ఆ ఈడ్పు 20 మీటర్లగును. ఆకురాయిపై ఇనుము వలె టైరు అరుగుటలో వింత యేమున్నది?

నాలుగు చక్రముల చోదనము గల బండిలో నష్టము టైరుతో ఆగదు. 70 సెంటీమీటర్ల అడ్డుకొలత గల క్రొత్త టైరు 5 మిల్లీమీటర్ల మందము అరిగినచో, దాని అడ్డుకొలత 69 సెంటీమీటర్లగును. అది క్రొత్త టైరుకంటె కిలోమీటరునకు ఆరు చుట్లకు పైగా ఎక్కువ తిరుగును. నాలుగు చక్రములను ఒకే యంత్రము కలిపియుంచును గనుక, ఈ తేడా ఆ పండ్లచక్రములపైనను బిగింపులపైనను భారమై పడును. పాత జీపులలో ముందు వెనుకల వేగభేదమును సర్దు డిఫరెన్షియల్ నడుమ లేదు; అందువలననే పొడి తారురోడ్డుపై నాలుగు చక్రముల చోదనము వాడరాదందురు.

మంచి మిస్త్రీ యంత్రము ముట్టుటకు ముందే బండిని పరీక్షించును. నాలుగు టైర్లు ఒకే కొలతవా, గాలి సరిగా ఉన్నదా, స్ప్రింగులు క్రుంగినవా అని చూచును. బండిని జాకీతో ఎత్తి చక్రమును పట్టి ఊపి, బేరింగులు, బాల్ జాయింట్లు, టై రాడ్ కొసలు, రబ్బరు బుష్‌లు వదులైనవేమో కనుగొనును. వదులైన కీలుపై కోణము సరిచేయుట ఇసుకపై గోడ కట్టుట వంటిది.

పిమ్మట నాలుగు చక్రములను కొలువవలెను. సర్దుటకు వీలున్న బండిలో వెనుక చక్రములను మొదట దిద్దవలెను. ఏలయన, బండి ఏ దిక్కునకు పోజూచునో వెనుక చక్రములే నిర్ణయించును. అవి ప్రక్కచూపు చూచుచుండగా ముందు చక్రములను మాత్రమే దిద్దినచో, బండి సూటిగా పోయినను స్టీరింగు వంకరగా నిలుచును. తరువాత ముందు చక్రముల క్యాస్టర్, క్యాంబర్ చూచి, స్టీరింగును నడిమిన బిగించి, కడపట టో సర్దవలెను. దృఢమైన ఇరుసు గల జీపులో సాధారణముగా సర్దుబాటు ముందు చక్రముల టోకే ఉండును. వెనుక ఇరుసు వంకరైనచో పట్టీలను, వాటి బోల్టులను పరీక్షింపవలెను. పాత బండ్లలో సర్దు బోల్టులు త్రుప్పుపట్టి కదలకపోవుటయు కలదు. వాటిని బలవంతముగా విరువక, నూనె పోసి నాననిచ్చి విప్పవలెను, లేదా మార్చవలెను.

యజమానుడు సర్దుటకు ముందటి కొలతలను, తరువాతి కొలతలను చూపు కాగితమును అడిగి తీసికొనవలెను. వేగమున స్టీరింగు వణకుట తరచుగా చక్రము తూకము తప్పుటవలన కలుగును. దానికి బ్యాలెన్సింగు వేరు.

పాత బండిపై బ్రదుకు సాగించు కుటుంబమునకు టైర్ల వెల చిన్న మొత్తము కాదు. అంతకంటె మిన్నయైనది ప్రాణము. వానకు తడిసిన దారిపై ఆకస్మికముగా బ్రేకు వేసినపుడు బండిని నేలకు పట్టియుంచునవి అరచేయంతేసి నాలుగు చోట్లు మాత్రమే. ఆ నాలుగును ఒక్కమాటపై నిలిచిననే బండి సురక్షితముగా ఆగును.